84 ఫ్లాట్ల మెయింటెనెన్స్ పట్టీ: ఎంత స్క్రోల్ చేసినా తలవరస కదలకుండా కట్టిన డైరీ

చేతికొచ్చిన ఎక్సెల్ ఫైలు

ఆరంతస్తుల అపార్ట్‌మెంటు, అంతస్తుకి 14 చొప్పున 84 ఫ్లాట్లు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలకి మూడేసి కాలమ్‌లు: బిల్లు, జమ, బాకీ. ఎ కాలమ్‌లో ఫ్లాటు నంబరు, బిలో యజమాని పేరు, సిలో ఫోను నంబరు, డిలో పోయిన ఏడాది తాలూకు పాత బాకీ. నెలలు ఇ దగ్గర మొదలై ఎఎన్ దగ్గర అయిపోతాయి. ఆ చివర ఎఓలో నికర బాకీ.

అడ్డంగా చూస్తే, మొదటి వరసలో షీటు పొడుగునా మెర్జ్ చేసిన (అంటే సెల్స్‌ని ఒకటిగా కలిపేసి రాసిన) పట్టీ పేరు. రెండో వరసలో మూడేసి సెల్స్ మెర్జ్ చేసి నెలల పేర్లు. మూడో వరసలో బిల్లు, జమ, బాకీ అని పన్నెండు సార్లు. ఫ్లాట్లు 4వ వరస నుంచి 87వ వరస దాకా. 88లో మొత్తాలు. చాలా అపార్ట్‌మెంట్లలో పట్టీ అచ్చం ఇలాగే ఉంటుంది. కాగితం మీద బాగానే ఉంటుంది కూడా.

తెర మీదకొచ్చేసరికి తిప్పలు మొదలు. 304 ఫ్లాటువాళ్లు డిసెంబరు మెయింటెనెన్స్ కట్టారనుకోండి. ఆ జమ ఎక్కాల్సిన సెల్ ఎడి35, అంటే ఎడి కాలమ్, 35వ వరస. అక్కడికి చేరేసరికి పైన నెల పేరూ లేదు, పక్కన ఫ్లాటు నంబరూ లేదు. కనిపించేవి ఒకదానికొకటి తేడా తెలియని అంకెలు. మూడు కాలమ్‌లు ఇటు జరిగి, అప్పటికి ఖాళీగా ఉన్న ఎఎ35లో పడితే అది నవంబరు జమ అయిపోతుంది. డిసెంబరు ఖాళీగా మిగులుతుంది. వింతేమిటంటే నికర బాకీ మాత్రం సరిగ్గానే తేలుతుంది, అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు. రసీదుతో పోల్చినప్పుడే బయటపడుతుంది.

పని ఇది: ఏ మూలకి స్క్రోల్ చేసినా ఆ సెల్ ఏ ఫ్లాటుదో, ఏ నెలదో, బిల్లో జమో తెరమీదే తెలియాలి.

1వ రోజు: ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు ఫ్రీజ్ చేసి చూడటం

ఎంత స్క్రోల్ చేసినా కొన్ని వరసలూ కాలమ్‌లూ కదలకుండా ఆపే సదుపాయం ఎక్సెల్‌లో ఫ్రీజ్ పేన్స్. దానికి ఉన్న నియమం ఒకటే. కర్సర్ ఉన్న సెల్‌కి పైనున్న వరసలూ, ఎడమ పక్కనున్న కాలమ్‌లూ ఆగిపోతాయి. కర్సర్ ఉన్న వరసా, కాలమ్ ఆగవు. మూడు వరసలు, నాలుగు కాలమ్‌లు ఆపాలంటే ఇ4లో నిలబడాలి. వ్యూ ట్యాబ్, ఫ్రీజ్ పేన్స్, అందులో మళ్లీ ఫ్రీజ్ పేన్స్. కీబోర్డుతో అయితే ఆల్ట్ నొక్కి వదిలేసి వరసగా డబ్ల్యూ, ఎఫ్, ఎఫ్. తీసేయడానికీ అవే మీటలు, ఎందుకంటే ఫ్రీజ్ అయ్యాక మెనూలో అదే చోటికి అన్‌ఫ్రీజ్ వస్తుంది.

మొదటి వరసలోని సెల్‌లో నిలబడి ఫ్రీజ్ చేస్తే కాలమ్‌లు మాత్రమే ఆగుతాయి. ఎ కాలమ్‌లో నిలబడి చేస్తే వరసలు మాత్రమే. ఎ1లో నిలబడి చేస్తే పైన, పక్కన ఆపడానికి ఏమీ ఉండదు కాబట్టి ఎక్సెల్ తెర మధ్యలో ఎక్కడో గీత గీసేస్తుంది. "ఫ్రీజ్ చేస్తే షీటు నాలుగు ముక్కలైంది" అనే ఫిర్యాదు వెనకున్నది దాదాపు ఎప్పుడూ ఇదే.

అదే మెనూలో ఫ్రీజ్ టాప్ రో, ఫ్రీజ్ ఫస్ట్ కాలమ్ అని ఇంకో రెండున్నాయి. అవి రెండూ కలవవు. ఒకటి పెట్టాక రెండోది నొక్కితే మొదటిది పోతుంది. రెండూ కావాలంటే బి2లో నిలబడి మామూలు ఫ్రీజ్ పేన్సే వాడాలి. ఈ పట్టీకి తలవరసలు మూడు కాబట్టి ఆ రెండు బటన్లూ అసలు పనికిరావు.

ఇ4 దగ్గర ఫ్రీజ్ చేశాక తేలినవి:

ఆగిన నాలుగు కాలమ్‌ల వెడల్పులు 7, 24, 12, 10. ఎక్సెల్ మామూలు ఫాంటులో ఒక్కో అక్షరానికి 7 పిక్సెళ్లు, కాలమ్‌కి అదనంగా 5. లెక్కవేస్తే 54, 173, 89, 75, మొత్తం 391 పిక్సెళ్లు. 1366 పిక్సెళ్ల లాప్‌టాప్ తెరలో షీటుకి దక్కేది సుమారు 1300. అంటే తెరలో మూడో వంతు కదలని సామాను. అందులోనూ ఫోను నంబరు కాలమ్ జమలు ఎక్కించేటప్పుడు దేనికీ అక్కర్లేదు. అసలు చూడాల్సిన నికర బాకీ మాత్రం కుడి చివర ఎఓలో, మొత్తాలు అడుగున 88లో.

ఎక్సెల్‌లో కుడివైపునా, అడుగునా ఫ్రీజ్ చేసే సదుపాయం లేదు. పై వరసలు, ఎడమ కాలమ్‌లు, అంతే. అడుగున మొత్తాలు రాయడం కాగితపు ఖాతా పుస్తకం అలవాటు. కాగితంలో మొత్తం ముందే తెలియదు కాబట్టి చివర రాస్తాం. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడే పని స్వరూపం మారింది. ఫ్రీజ్ అనేది చివర్లో నొక్కే బటన్‌లా చూస్తే ఈ పట్టీ బాగుపడదు. ఏది ఎప్పుడూ కనబడాలో ముందు తేల్చుకుని, దాన్ని పైకో ఎడమకో జరిపి, అప్పుడు ఫ్రీజ్ చేయాలి.

2వ రోజు: పట్టీని విప్పి మళ్లీ కట్టడం

ముందు ఫ్రీజ్ తీసేశాం. ఆ తర్వాత మెర్జ్‌లన్నీ విప్పేశాం.

మొదటి వరసలోని పేరు ఎ నుంచి ఎఓ దాకా మెర్జ్ అయి మధ్యలో ఉంది. ఫ్రీజ్ గీత దాని కడుపులోంచి పోతుంది. ఎక్సెల్ దీన్ని కాదనదు, కానీ కుడికి స్క్రోల్ చేస్తుంటే పేరు సగం ఆగి, సగం జరిగి ముక్కలవుతుంది. గూగుల్ షీట్స్ అయితే కాలమ్ ఫ్రీజ్‌కే ఒప్పుకోదు, మెర్జ్ చేసిన సెల్‌లో కొంత భాగం మాత్రమే ఉన్న కాలమ్‌లను ఫ్రీజ్ చేయలేమని మెసేజ్ చూపిస్తుంది. పేరుని ఎ1లో రాసి ఎడమకి వదిలేస్తే చాలు. పక్క సెల్స్ ఖాళీగా ఉంటే అదే వాటిమీదకి పరుచుకుంటుంది. కాకపోతే ఆగిన కాలమ్‌ల వెడల్పులో పట్టేంత పొట్టిగా ఉండాలి, లేదంటే స్క్రోల్ చేశాక తోక తెగుతుంది.

రెండో వరసలో నెలల పేర్లది ఇంకోరకం తంటా. ఇ, ఎఫ్, జి కలిపి "ఏప్రిల్" అని మధ్యలో ఉంటే, ఇ కాలమ్ ఆగిన భాగం కిందకి వెళ్లిపోయినప్పుడు పేరులో ముందు సగం కూడా వెళ్లిపోతుంది. రెండు కాలమ్‌లు వెళ్లాక మిగిలిన బాకీ ఏ నెలదో చెప్పేది ఒక అక్షరం ముక్క. అసలు ఏ నెలో తెలియడానికే కదా ఈ వరసని ఆపింది!

పరిష్కారం: నెల పేరున్న వరసే తీసేసి, మూడో వరసలో ప్రతి సెల్‌లోనూ పూర్తిగా రాయడం. "ఏప్రిల్ బిల్లు", "ఏప్రిల్ జమ", "ఏప్రిల్ బాకీ", "మే బిల్లు" అలా 36. ర్యాప్ టెక్స్ట్ పెట్టి కాలమ్ వెడల్పు 9 చేస్తే నెల పైన, రకం కింద రెండు లైన్లలో పడతాయి. నిజానికి ఎత్తులో ఏమీ ఆదా కాలేదు. రెండు వరసలు పోయి రెండు లైన్ల వరస ఒకటి వచ్చింది, అంతే. లాభం వేరే చోట: ప్రతి కాలమ్‌కి దాని పూర్తి పేరు దానిమీదే ఉంది, శీర్షిక ఒకే వరసలో ఉంది కాబట్టి ఫిల్టరు, సార్టింగ్ దారిలో పడతాయి.

ఖాళీ అయిన రెండో వరసలోకి అడుగున ఉన్న మొత్తాలు వచ్చాయి. మామూలు సమ్ బదులు సబ్‌టోటల్ వాడాం, మొదటి అంకె 109, పరిధి 4వ వరస నుంచి 200 దాకా. ఫిల్టరు పెట్టి మూడో అంతస్తే చూస్తే మొత్తం కూడా ఆ 14 ఫ్లాట్లకే మారుతుంది. 9 అని ఇచ్చినా ఫిల్టరు దాచిన వరసలు లెక్కలోకి రావు, కానీ చేత్తో హైడ్ చేసినవి వస్తాయి. 109 రెండింటినీ వదిలేస్తుంది. పరిధిని మొత్తం కాలమ్‌గా ఇస్తే మొత్తం ఉన్న సెల్ కూడా అందులోనే పడి సర్క్యులర్ రిఫరెన్స్ హెచ్చరిక వస్తుంది. మొత్తాలు పైన పెట్టేవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే.

సి కాలమ్‌లోని ఫోను నంబర్లు వేరే షీటుకి పోయాయి. వాటి చోట్లోకి నికర బాకీ వచ్చింది. సూత్రం మాటల్లో: పాత బాకీకి, మూడో వరసలో "బిల్లు"తో ముగిసే శీర్షికలున్న కాలమ్‌లన్నీ సమ్‌ఇఫ్‌తో కూడి కలిపి, "జమ"తో ముగిసేవన్నీ కూడి తీసేయడం. సమ్‌ఇఫ్ షరతులో మాటకి ముందు నక్షత్రం గుర్తు పెడితే ముందు ఏ నెల ఉన్నా పట్టుకుంటుంది. శీర్షికల పరిధికి డాలరు గుర్తులు తప్పనిసరి, లేకపోతే కిందికి లాగినప్పుడు అదీ ఒక్కో వరసా దిగిపోతుంది.

ఒక ముల్లు: "జూన్ బిల్లు" తర్వాత పొరపాటున స్పేస్ పడితే అది "బిల్లు"తో ముగిసినట్టు కాదు. ఆ నెల మొత్తం 84 బిల్లులూ లెక్కలోంచి మాయమవుతాయి, ఎర్రర్ కూడా రాదు. అందుకే మూడో వరస మొత్తం చేత్తో కొట్టలేదు. మొదటి మూడూ కొట్టి, కాపీ చేసి, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో నెల పేరు మాత్రమే మార్చాం.

3వ రోజు: ఆపేది ఎంత

కొత్త పట్టీలో ఆపాల్సినవి మూడు వరసలు, మూడు కాలమ్‌లు. కర్సర్ డి4లో.

ఫ్రీజ్ నొక్కేముందు ఒకసారి కంట్రోల్, హోమ్ కొట్టి షీటు పై మూలకి వచ్చామా లేదా చూసుకోవాలి. తెరమీద అప్పటికి కనిపిస్తున్న భాగాన్నే ఎక్సెల్ ఆపుతుంది. తెరలో అన్నిటికంటే పైన రెండో వరస ఉండగా ఫ్రీజ్ చేస్తే మొదటి వరస చెరలో పడ్డట్టే, ఎంత పైకి తోసినా రాదు. వరసలు పోయాయని కంగారుపడి అన్‌హైడ్ కొట్టినా ఫలితం ఉండదు, ఎందుకంటే అవి హైడ్ అయినవి కావు. అన్‌ఫ్రీజ్ చేసి, కంట్రోల్ హోమ్ కొట్టి, మళ్లీ ఫ్రీజ్ చేయడమే మందు. ఫ్రీజ్ టాప్ రో కూడా ఇంతే. అది ఆపేది 1వ వరసని కాదు, ఆ క్షణంలో తెరపైన మొదట కనిపిస్తున్న వరసని.

వెడల్పులు తగ్గించాం: ఎ 7, బి 20, సి 10. పిక్సెళ్లలో 54, 145, 75, మొత్తం 274. మిగిలిన 1026లో 68 పిక్సెళ్ల కాలమ్‌లు 15 పడతాయి, అంటే పూర్తిగా ఐదు నెలలు. మొన్నటి అమరికలో ఇదే వెడల్పు కాలమ్‌లు 13 పట్టేవి, ఐదో నెల మధ్యలో తెగేది.

ఎత్తు దగ్గర తెలుగు పట్టీకి ప్రత్యేకమైన చిక్కొకటుంది. మామూలు వరస ఎత్తు 15 పాయింట్లు, ఇంగ్లీషు అక్షరాలకి చాలు. తెలుగుకి కింద వత్తులు, పైన గుడులు ఉన్నాయి. గౌతమి ఫాంటు అయితే లైను ఎత్తు బాగా తీసుకుంటుంది. రెండు లైన్ల శీర్షిక దానితో పెడితే ఆగిన భాగమే లావెక్కిపోతుంది. నిర్మలా యూఐ ఫాంటు పెట్టి, సైజు 10కి దించి, మూడో వరస ఎత్తు 32 పాయింట్లకి కట్టాం. "ఫిబ్రవరి" కింద క్రావడి తెగకుండా ఉందో లేదో చూసుకుంటే మిగతా నెలలకి భయం లేదు.

ఆగిన భాగం తెరకంటే పెద్దదైతే స్క్రోల్ చేయడానికి చోటే మిగలదు. షీటు బిగుసుకుపోయినట్టు ఉంటుంది, వీల్ తిప్పినా కదలదు. పెద్ద మానిటర్ మీద పది వరసలు ఫ్రీజ్ చేసి, ఆ ఫైలుని చిన్న లాప్‌టాప్‌లో 150 శాతం జూమ్‌తో తెరిస్తే జరిగేది ఇదే. జూమ్ తగ్గించి, అన్‌ఫ్రీజ్ చేయాలి.

బాణం మీటలు కొడితే కర్సర్ కదలకుండా షీటే జరుగుతుంటే అది ఫ్రీజ్ తప్పు కాదు, స్క్రోల్ లాక్ ఆన్ అయి ఉంటుంది. కింద స్టేటస్ బార్‌లో రాసి ఉంటుంది చూడండి.

ఫ్రీజ్ గీత సన్నగా, బూడిద రంగులో ఉంటుంది, కంటికి ఆనదు. మూడో వరసకి కింద మందపాటి గీత, సి కాలమ్‌కి కుడివైపు ఇంకో గీత వేశాం. చిన్న పనే, కానీ ఆగినదేదో జరిగేదేదో వేరుగా తెలియకపోతే స్క్రోల్ అయిపోయిన వరసలని గమనించకుండా 3 కింద వెంటనే 29 చూసి "మధ్యవి ఏవీ?" అంటారు.

కర్సర్ అలవాట్లు కూడా కొంచెం మారతాయి. ఫ్రీజ్ అయ్యాక కంట్రోల్ హోమ్ ఎ1కి పోదు, డి4కి పోతుంది. ఇది మంచిదే, పట్టీ మొదటికి తిరిగి రావడానికి దారి. ఇంకోటి అంత మంచిది కాదు: డిసెంబరు దగ్గర ఉండి, పేరు చూద్దామని బి35 మీద క్లిక్ చేసి, అక్కడినుంచి కుడి బాణం కొడుతూ పోతే సి దాటగానే డి35కి వెళుతుంది, దాంతో తెర మొత్తం ఏప్రిల్‌కి వెనక్కి వచ్చేస్తుంది. జమలు ఎక్కించేటప్పుడు ఆగిన కాలమ్‌లని కళ్లతో చూడాలి, క్లిక్ చేయకూడదు.

4వ రోజు: ఫిల్టరు, సార్టింగ్, టేబుల్

ఫ్రీజ్ చేస్తే శీర్షికలకి రక్షణ వచ్చేసిందనుకోవడం పెద్ద పొరపాటు. ఎక్సెల్‌లో ఫ్రీజ్ చూపుకి సంబంధించింది మాత్రమే. షీటు మొత్తం పట్టుకుని సార్ట్ కొడితే ఆగిన వరసలు కూడా డేటాతో కలిసి కలగాపులగం కావచ్చు. గూగుల్ షీట్స్‌లో అలా కాదు. అక్కడ సార్ట్ షీట్ అంటే ఫ్రీజ్ చేసిన వరసలని వదిలేసి మిగతావే సార్ట్ చేస్తుంది. అందులో అలవాటైనవాళ్లు ఎక్సెల్‌కి వచ్చి దెబ్బతింటారు.

అందుకని ఫిల్టరు పెట్టాం, సార్టింగ్ అంతా దాని బాణాలనుంచే. ఎ3 నుంచి ఎఎన్87 దాకా ముందు సెలెక్ట్ చేసి, అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎల్. సెలెక్ట్ చేయకుండా ఊరికే డేటాలో నిలబడి కొడితే పైన ఆనుకుని ఉన్న పేరూ మొత్తాలూ కూడా డేటాయే అనుకుని బాణాలు మొదటి వరసకి ఎక్కుతాయి. ఎక్కించాక ఒకసారి సి కాలమ్‌ని పెద్దనుంచి చిన్నకి సార్ట్ చేసి, మొత్తాలు కదలలేదని చూసుకుని, మళ్లీ ఫ్లాటు నంబరుతో సార్ట్ చేసి యథాస్థానానికి తెచ్చాం.

కంట్రోల్, టి కొట్టి దీన్నంతా టేబుల్‌గా మారిస్తే ఫ్రీజ్ అవసరమే లేదు కదా అనే ఆలోచన వచ్చేదే. టేబుల్‌లో కర్సర్ ఉన్నంతసేపూ, శీర్షిక వరస పైకి వెళ్లిపోగానే ఎ, బి, సి అనే కాలమ్ అక్షరాల చోట శీర్షికలు ప్రత్యక్షమవుతాయి. బాగుంటుంది, తెరలో చోటు కూడా తినదు. ఈ పట్టీకి చాలదు, మూడు కారణాలు. ఎడమ కాలమ్‌లని అది ఆపదు. కర్సర్ టేబుల్ బయట ఉంటే శీర్షికలు మాయం. పైనున్న మొత్తాలు కనబడవు. పాత పట్టీలాగా పన్నెండు చోట్ల ఉత్త "బిల్లు" అనే ఉంచి టేబుల్ చేసి ఉంటే ఇంకా ఘోరం: టేబుల్‌లో రెండు కాలమ్‌లకి ఒకే పేరు ఉండకూడదు కాబట్టి ఎక్సెల్ తనంతట తానే "బిల్లు2", "బిల్లు3" అని మార్చేస్తుంది, అచ్చంగా "బిల్లు" కోసం వెతికే సూత్రాలు ఒక్క నెలనే కూడతాయి.

5వ రోజు: ఫ్రీజ్‌తో తీరని పని, గ్రూపులతో తీరింది

ఐదు నెలలు కనబడితే జమలు ఎక్కించడానికి చాలు. ఏడాది పొడుగునా ఎవరి బాకీ ఎలా పెరిగిందో చూడటానికి చాలదు. ముందు స్ప్లిట్ ప్రయత్నించాం (ఆల్ట్, డబ్ల్యూ, ఎస్). తెర ముక్కలై ఏ ముక్కకా ముక్క స్క్రోల్ అవుతుంది, ఎఫ్6తో ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకొచ్చు. ఏప్రిల్‌నీ మార్చినీ పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొస్తుంది. కానీ స్ప్లిట్, ఫ్రీజ్ రెండూ ఒకేసారి ఉండవు, పైగా ఏ ముక్కలోనైనా శీర్షికలు జారిపోవచ్చు. రోజువారీ పనికి వద్దనుకున్నాం.

గ్రూపింగ్ (కొన్ని కాలమ్‌లని ఒక్క నొక్కుతో ముడిచి, మళ్లీ తెరవడం) కుదిరింది. ఇ, ఎఫ్ కాలమ్‌లు (ఏప్రిల్ బిల్లు, జమ) సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఆల్ట్, కుడి బాణం. జిని, అంటే ఏప్రిల్ బాకీని, గ్రూపులో చేర్చలేదు. తర్వాత హెచ్, ఐ గ్రూపు, జె బయట. ఇలా పన్నెండు. మూడు కాలమ్‌లూ కలిపి గ్రూపు చేస్తే పక్కనే ఉన్న తర్వాతి నెల గ్రూపు దీనికి అతుక్కుని, ఏడాది మొత్తం ఒకే పెద్ద గ్రూపు అయిపోతుంది. మధ్యలో గ్రూపులో లేని కాలమ్ ఒకటైనా ఉండాలి, ఇక్కడ ఆ పని బాకీ కాలమ్ చేస్తోంది. ప్లస్ గుర్తు కూడా దానిమీదే వస్తుంది.

ఎడమ పై మూల 1 నొక్కితే అన్నీ ముడుచుకుని పన్నెండు బాకీలే మిగులుతాయి. లెక్క: ఆగినవి 274, పాత బాకీ 75, పన్నెండు బాకీలు 816, మొత్తం 1165 పిక్సెళ్లు. 1300లో ఏడాది మొత్తం అడ్డంగా స్క్రోల్ చేయకుండా పట్టేసింది. 2 నొక్కితే మళ్లీ అన్నీ తెరుచుకుంటాయి.

పేర్ల కాలమ్ బిని కూడా గ్రూపు చేద్దామనిపించింది, కానీ అప్పుడు 1 నొక్కగానే పేర్లూ ముడుచుకుంటాయి. వదిలేశాం.

షీటుకి ప్రొటెక్షన్ పెట్టాలనుకునేవాళ్లకి ఒక మాట: ప్రొటెక్ట్ చేశాక ప్లస్, మైనస్ గుర్తులు పనిచేయవు. ఫిల్టరు వాడాలంటే ప్రొటెక్ట్ చేసేటప్పుడే యూజ్ ఆటోఫిల్టర్ దగ్గర టిక్ పెట్టాలి. ఫ్రీజ్‌కి మాత్రం ఏమీ కాదు.

6వ రోజు: కాగితం

ఫ్రీజ్‌కి ప్రింటుతో సంబంధం లేదు. తెరమీద ఎంత బాగా ఆగినా, రెండో పేజీలో శీర్షికలుండవు. పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లో ప్రింట్ టైటిల్స్ తెరిచి, పైన రిపీట్ కావాల్సిన వరసలు 1 నుంచి 3, ఎడమన రిపీట్ కావాల్సిన కాలమ్‌లు ఎ నుంచి సి అని విడిగా ఇవ్వాలి. ఇదే డబ్బాని ప్రింట్ ప్రివ్యూలోంచి తెరిస్తే ఆ రెండు గళ్లూ బూడిద రంగులో చచ్చుబడి ఉంటాయి. ట్యాబ్ నుంచే వెళ్లాలి.

ఏ4 అడ్డంగా, మామూలు మార్జిన్లతో రాయడానికి దక్కే వెడల్పు సుమారు 741 పాయింట్లు. రిపీటయ్యే కాలమ్‌లు 205 తీసుకుంటాయి. మిగిలినదాంట్లో 51 పాయింట్ల కాలమ్‌లు పదే పడతాయి, కాబట్టి పేజీకి మూడు నెలలు, మొత్తం నాలుగు పేజీల అడ్డం. పేజ్ బ్రేక్ ప్రివ్యూలో నీలం గీతలని నెల సరిహద్దుకి లాగి పెట్టాం, లేకపోతే బిల్లు ఒక పేజీలో, జమ ఇంకో పేజీలో. నిలువున, వరస ఎత్తు 15 పాయింట్లే ఉంటే పేజీకి 28 ఫ్లాట్లు, అంటే సరిగ్గా రెండంతస్తులు. మొత్తం 12 కాగితాలు, ఆడిట్‌కి. నోటీసు బోర్డుకి గ్రూపులు ముడిచి, కాలమ్‌లన్నీ ఒకే పేజీ వెడల్పుకి సరిపెట్టమంటే 84 శాతానికి తగ్గి మూడు కాగితాల్లో వచ్చేస్తుంది.

పేజ్ లేఅవుట్ ట్యాబ్ వేరు, పేజ్ లేఅవుట్ వ్యూ వేరు. కింద కుడిమూల బటన్‌తో ఆ వ్యూకి పోతే ఫ్రీజ్ దానితో పొసగదని అడుగుతుంది. ఓకే కొడితే ఫ్రీజ్ పోతుంది, నార్మల్ వ్యూకి తిరిగొచ్చినా రాదు. మళ్లీ డి4, మళ్లీ ఆల్ట్ డబ్ల్యూ ఎఫ్ ఎఫ్.

7వ రోజు: ఫోను, వేరే సాఫ్ట్‌వేర్లు

ఫైలుని గూగుల్ షీట్స్‌లోకి ఎక్కిస్తే ఫ్రీజ్ అలాగే వచ్చింది. అక్కడ కొత్తగా పెట్టాలంటే వ్యూ, ఫ్రీజ్, ఎన్ని వరసలో ఎన్ని కాలమ్‌లో ఎంచుకోవడం. షీటు ఎడమ పై మూలలో ఉండే మందపాటి బూడిద గీతని మౌస్‌తో పట్టి లాగినా అంతే. ప్రింటుకి ఎక్సెల్‌లా విడిగా చెప్పనక్కర్లేదు, ప్రింట్ సెట్టింగ్స్‌లో ఫ్రీజ్ చేసిన వరసలనీ కాలమ్‌లనీ రిపీట్ చేయమనే టిక్కులు ఉంటాయి. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో వ్యూ మెనూలో ఫ్రీజ్ రోస్ అండ్ కాలమ్స్. కర్సర్ నియమం ఎక్సెల్‌దే. పైథాన్‌తో పట్టీలు తయారుచేసేవాళ్లకి ఓపెన్‌పైఎక్స్‌ఎల్ అనే లైబ్రరీలో ఫ్రీజ్ పేన్స్‌కి డి4 అని ఒక్కమాట ఇస్తే సరి. సీఎస్‌వీగా (ఉత్త అక్షరాలూ అంకెలే ఉండే ఫైలుగా) సేవ్ చేస్తే మాత్రం ఫ్రీజ్, గ్రూపులు, సూత్రాలు, ఏవీ మిగలవు.

అసలీ కోరిక కొత్తదేమీ కాదు. 1979లో వచ్చిన విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంలోనే టైటిల్స్ అనే కమాండు ఉండేది, అడ్డం, నిలువు, రెండూ అని ఎంచుకునేలా.

ఫోనులో వేరే కథ. నిలువుగా పట్టుకున్న ఫోను తెర వెడల్పుకి ఆగిన 274 పోను ఒక్క కాలమ్ పట్టడమే కష్టం. కమిటీవాళ్లు ఫోనులో చూసేది ఒక్కటే, ఎవరెంత కట్టాలి. దానికి "ఫోన్" అని వేరే షీటు: ఎలో ఫ్లాటు, బిలో నికర బాకీ, ఆ తర్వాత ఈ నెల బిల్లు, జమ. ఒక వరస, ఒక కాలమ్ మాత్రమే ఫ్రీజ్, కర్సర్ బి2లో. ఫ్రీజ్ ఏ షీటుకా షీటుకే. రెండు షీట్లు కలిపి సెలెక్ట్ చేసి ఫ్రీజ్ కొట్టినా ఎదురుగా ఉన్న షీటుకే పడుతుంది.

వచ్చే ఏప్రిల్‌కి

కొత్త ఏడాదికి మళ్లీ మొదటినుంచి కట్టనక్కర్లేదు. షీటు ట్యాబ్ మీద రైట్ క్లిక్, మూవ్ ఆర్ కాపీ, క్రియేట్ ఎ కాపీ టిక్. ఫ్రీజ్, గ్రూపులు, ప్రింట్ టైటిల్స్ అన్నీ కాపీతో వస్తాయి.

కాపీలో చేసే పనుల వరస ముఖ్యం. ముందు సి4 నుంచి సి87 కాపీ చేసి డి4లో పేస్ట్ స్పెషల్, వాల్యూస్. సి అంకెలు వెంటనే మారిపోతాయి, కంగారు పడొద్దు, సి లెక్కలో డి కూడా ఉంది కాబట్టి అలా అవుతుంది. తర్వాత ఇ4 నుంచి ఎఎన్87 సెలెక్ట్ చేసి ఎఫ్5, స్పెషల్, కాన్‌స్టెంట్స్, అందులో నంబర్స్ మాత్రం ఉంచి ఓకే, ఆపైన డిలీట్. చేత్తో ఎక్కించిన బిల్లులు, జమలు పోతాయి, బాకీ కాలమ్‌ల సూత్రాలు మిగులుతాయి. సి, డి సమానం అయిపోతాయి. ఈ రెండు పనులూ తిరగేసి చేస్తే ముగింపు బాకీలు తుడిచిపెట్టుకుపోయి సిలో నిరుడు ఏప్రిల్ నాటి పాత బాకీలు కూర్చుంటాయి. అదే జరిగితే ఆ కాపీని పారేసి, అసలు షీటునుంచి ఇంకో కాపీ తీసుకోవాలి.